ఆత్మవిమర్శ వేరు, ఆత్మనింద వేరు

మార్కుల జాబితాను తరగతిలో పైకి చదివే అలవాటు నాకు చాలాకాలం ఉండేది. తక్కువ మార్కులు వచ్చినవారి పేర్లను చివరికి ఉంచి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క చమత్కారం జోడించేవాణ్ణి. తరగతి నవ్వేది. ఆ నవ్వు నా బోధనకు దక్కిన మెప్పు అని పొరబడినాను. ఒకనాడు అట్లా చదివించుకున్న ఒక విద్యార్థి మరునాటి నుండి తరగతికి రాలేదు. వారం తర్వాత బస్టాండులో ఎదురై, "నేను దేనికీ పనికిరాను సార్, చదువు మానేస్తున్నాను" అన్నాడు. ఆ మాట అతనిది కాదు. అది నేను అతని నోట పెట్టిన మాట.

2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినాయి. నేటి మన విద్యార్థులు అప్పటికి బడిపిల్లలు. ఆ కొద్ది దినాలలోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు పత్రికలు వ్రాసినవి. ఒక మరణానికి కారణం మార్కులొక్కటే అని చెప్పడానికి నేను సాహసించను. కాని ఒక సంగతి మరువరాదు. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి జాబితాలో సున్నా పడినది. తెలుగు బోధించే నాకు ఆ సున్నా నేటికీ కంటిలో నలుసువలె ఉన్నది. తప్పినవారి జవాబుపత్రాలను మళ్ళీ పరిశీలించగా 1,137 మంది ఉత్తీర్ణులైనారు. అంటే తప్పు కాగితానిది, శిక్ష మాత్రం పసిమనసులది. "ఈ లెక్క సరియైనదేనా?" అని అడుగక మునుపే మన పిల్లలు తమను తాము దోషులుగా నిర్ణయించుకుంటారు. ఈ తొందరపాటు ఎక్కడ నేర్చుకున్నారు? మా వద్దనే కాబోలు.

మన ఉర్దూ విభాగం మిత్రులకు "ముహాసబా" అనే మాట సుపరిచితం. మన బజారులో నిత్యం వినబడే "హిసాబు"కు అది చుట్టమే. తనతో తాను లెక్క చూసుకోవడమని దాని భావం. 857లో మరణించిన బస్రావాసి హారిస్‌కు ఈ సాధన వల్లనే ముహాసిబీ అనే పేరు వచ్చినది. ఇమామ్ గజాలీ తన మహాగ్రంథంలోని 40 భాగాలలో ఒకదానిని దీనికే కేటాయించి, బుద్ధిని వర్తకునితోను, మనసును అతని భాగస్వామితోను పోల్చినాడు. మనసును దండించే మాటలు కూడ అందులో లేకపోలేదు. అయినా భాగస్వామిని వెళ్ళగొట్టిన వర్తకునికి ఇక వ్యాపారమేమి మిగులుతుంది?

జహీరాబాదు బజారులో ఏ దుకాణదారునైనా అడగండి. రాత్రి ఖాతా విప్పితే ఒక వైపు జమ, ఒక వైపు ఖర్చు. ఖర్చు మాత్రమే వ్రాసి జమ వదిలివేసినది లెక్క కాదు, దొంగలెక్క. "నేను పనికిరాను" అనేది అట్టి దొంగలెక్క. ఊరి నుండి తెల్లవారకముందే బయలుదేరి బస్సులో నిలబడి వచ్చిన శ్రమ ఏ పద్దులో ఉన్నది? తల్లి జ్వరపడితే ఇల్లు నడిపిన వారం ఏ పద్దులో ఉన్నది?

గజాలీ జీవితంలోని మరొక ఘట్టం నాకు ఆయన సిద్ధాంతాలకంటె ఆప్తమైనది. బాగ్దాదులోని నిజామియా విద్యాపీఠంలో ఆయన ఆచార్యుడు. 1095లో, ఇంచుమించు నా వయసులో, పాఠం చెప్పబోతే నోట మాట పెగలలేదు, అన్నం సహించలేదు. వ్యాధి మూలం మనసులో ఉన్నదని వైద్యులు చెప్పినారు. ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో దాచక వ్రాసుకున్నాడు. కొలువు విడిచి దేశాలు తిరిగి, 1106లో నిషాపూరులో మళ్ళీ పాఠం మొదలుపెట్టినాడు. అంతటి పండితుడు సిగ్గుపడని దానికి మనం సిగ్గుపడడమెందుకు?

ఇటీవలి మనస్తత్వ శాస్త్రం కూడ ఈ దారినే వచ్చినది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయకరుణను మూడు మాటలలో వివరించినది: తనపట్ల దయ, ఇట్టి కష్టం మానవులందరికీ ఉన్నదన్న ఎరుక, బాధను పెంచక తుంచక చూడగలగడం. విద్యార్థినీ విద్యార్థులారా! రాత్రి పది నిమిషాలు నోటుపుస్తకం ముందు కూర్చోండి. జరిగిన తప్పు ఉన్నదున్నట్లు వ్రాయండి. పిదప అదే తప్పు మీ ప్రాణస్నేహితుడు చేసి మీ వద్దకు వస్తే ఏమంటారో, ఆ మాటలు దాని క్రింద వ్రాయండి.

ఇది సోమరితనానికి సాకు గదా అని పెద్దలు అడుగవచ్చు. దెబ్బలకు భయపడే పిల్లవాడు జవాబుపత్రం దాచిపెడతాడు. దాచిన తప్పును దిద్దేదెవరు? అయితే నోటుపుస్తకం వైద్యునికి బదులు కాదు. నిద్ర పట్టక, బ్రతుకే భారమనిపించిననాడు ఒంటరిగా ఉండకండి. ఇంటివారికో, మాలో ఒకరికో చెప్పండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416కు రేయింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి రెండే. మార్కులను పేర్లతో నోటీసు బోర్డుపై అంటించడం, తరగతిలో చదవడం మానిపించండి. వారానికొక గంట, ఒక అధ్యాపకుడు తలుపు తెరిచి, ఉపదేశం చేయక వినడానికి మాత్రమే కూర్చునే ఏర్పాటు చేయండి. దీనికి నిధులు అక్కరలేదు, ఒక గది, రెండు కుర్చీలు చాలు.

బస్టాండులో కనబడిన ఆ విద్యార్థి నేను రెండుసార్లు ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పిన తర్వాత తిరిగి వచ్చినాడు. ఈ యేటి జాబితా నా సంచిలోనే ఉన్నది. ఎవరి మార్కులు వారికే, సాయంకాలం నాలుగు తర్వాత, స్టాఫ్ రూములో.