కాలూ చెయ్యీ పడిపోయిన పూట

అరకు చుట్టూ కొండ ఊళ్ళలో ఉన్నట్టుండి ఒక మనిషికి మూతి వంకరపోయి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతే ముందు కబురు వెళ్ళేది ఊరి పూజారి దిసారికి. ఆయన వచ్చి చూసి ఏ దేవత అలిగిందో, ఏ దారిలో గాలి సోకిందో చెబుతాడు. కోడి తెగుతుంది, మెడలో తాయెత్తు పడుతుంది. ఇంటికీ పొరుగింటికీ పాత తగాదా ఉంటే చిల్లంగి, అంటే చేతబడి, మాట పైకి వస్తుంది. ఆ మాట ఎంత దూరం పోగలదో మన్యంలో తెలియనివాళ్ళు లేరు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతోనే ఈ కొండల్లో మనుషుల్ని చంపారు.

ఇది గిరిజనుల అజ్ఞానమని మైదానం వాళ్ళు తేల్చేస్తే నేను ఒప్పుకోను. పావురాన్ని కోసి ఆ వేడి రక్తాన్ని పడిపోయిన చేతికి మర్దనా చేసేవాళ్ళు, ముక్కులో పసరు పిండేవాళ్ళు, వాతలు పెట్టించేవాళ్ళు పట్నాల్లోనూ ఉన్నారు, వాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. పక్షవాతాన్నీ మధుమేహాన్నీ నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా గోడల మీద ఆ రాతలు చెరగలేదు. పైగా మైదానం నుంచి కొండెక్కిన ఒక కొత్త నమ్మకం ఉంది. అది పసరు కంటే ఏమీ తక్కువది కాదు. గ్లూకోజ్ సీసా.

మనిషి నీరసంగా ఉంటే సీసా, జ్వరమొస్తే సీసా, కాలూ చెయ్యీ పడిపోయినా సీసాయే. ఊరి వైద్యుడు మంచం పక్కన కర్ర పాతి, దానికి సీసా వేలాడదీస్తాడు. చుక్కలు పడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది. ‘బలం ఎక్కుతోంది’ అనుకుంటారు. ఆ సీసా మీద ఏం రాసుందో ఎవరూ చదవరు. డెక్స్‌ట్రోస్ 5 శాతం అని ఉంటే, అరలీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉన్నట్టు. అంటే అయిదారు చెంచాలు నేరుగా రక్తనాళంలోకి పోసినట్టు. ఆ మనిషి రక్తంలో చక్కెర అప్పటికే ఎంతుందో చూసింది ఎవరు? ఎవరూ లేరు.

ఎక్కువ పక్షవాతాలు మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చేవే. రక్తం అందని నడిమి భాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ కొన ఊపిరితో ఉన్న కణాలు కొన్ని గంటలు తట్టుకుంటాయి. మనిషి మళ్ళీ లేచి నడుస్తాడా, మాట్లాడతాడా అన్నది చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆక్సిజన్ లేనిచోట చక్కెర ఎక్కువగా ఉంటే అది పూర్తిగా ఖర్చు కాదు, లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. బతికించుకోగలిగిన ఆ అంచుని ఆ ఆమ్లం తినేస్తుంది. షుగర్ జబ్బు లేనివాళ్ళకి కూడా పక్షవాతం వచ్చిన పూట చక్కెర పెరగవచ్చు. ఆ దెబ్బకి ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ ఎగదన్నడమే కారణం. అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2001లో చేసిన ఒక విశ్లేషణలో, మధుమేహం లేకపోయినా చేరేనాటికి చక్కెర పెరిగి ఉన్నవాళ్ళలో చావు ముప్పు సుమారు మూడు రెట్లు కనిపించింది. అలా పెరిగిందంటే మెదడు దెబ్బ పెద్దదని కూడా అర్థం కావచ్చు. చక్కెరే మొత్తం నేరస్తుడని నేను చెప్పడం లేదు. కానీ దాని మీద ఇంకో అయిదారు చెంచాలు పోయడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. షుగర్ మాత్రలు వేసుకుంటూ పూజకని పస్తు ఉన్న మనిషికి, ఏమీ తినకుండా సారా తాగిన మనిషికి చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మాట ముద్దగా వస్తుంది, స్పృహ తప్పుతుంది, ఒక్కోసారి ఒక పక్క మాత్రమే చచ్చుబడుతుంది. చూడ్డానికి అచ్చం పక్షవాతమే. అతనికి గ్లూకోజే మందు. నిమిషాల్లో లేచి కూర్చోవచ్చు. ఊరి వైద్యుడి సీసాకి ఉన్న పేరులో కొంత ఇలాంటి రోగుల వల్ల వచ్చిందే అయి ఉండవచ్చు. ఒకే సీసా ఒకరిని బతికిస్తుంది, ఒకరిని ముంచుతుంది. ఎవరు ఎవరో కంటికి తెలియదు. వేలి చివర గుచ్చి, ఒక చుక్క స్ట్రిప్పుకి తాకిస్తే కొన్ని సెకన్లలో అంకె తెలుస్తుంది. పెద్దాసుపత్రిలో స్కాన్ తీశాక, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ముందు ప్రతి రోగికీ తప్పనిసరిగా చూసి తీరాల్సిన రక్త పరీక్ష ఇదొక్కటే.

మరి తాయెత్తు కట్టగానే చెయ్యి లేచినవాళ్ళ సంగతేమిటి? ఉన్నారు, అబద్ధం కాదు. కొందరిలో గడ్డ తనంతట తానే కదిలిపోతుంది. నిమిషాల్లోనో గంటల్లోనో చెయ్యి మామూలవుతుంది. అసలు పక్షవాతం వచ్చినవాళ్ళలోనూ మొదటి మూడు నెలల్లో మెదడు ఎంతో కొంత కోలుకుంటుంది. ఆ సమయంలో ఎవరు పక్కన ఉంటే వాళ్ళకే పేరు. కాకి వాలింది, తాటిపండు పడింది. తాయెత్తు కట్టినా లేవనివాళ్ళని, కట్టకుండానే లేచినవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ పేరు నిలవదు. పైగా తానే తగ్గిపోయిన ఆ మొదటి దెబ్బ, రాబోయే పెద్ద దెబ్బకి హెచ్చరిక. దాన్ని దేవత శాంతించిందనుకుని వదిలేసిన ఇంట్లో అసలు ప్రమాదం కొద్ది రోజుల్లోనే రావచ్చు.

ఇదే తూకంలో వైద్యాన్ని కూడా వెయ్యాలి. చక్కెర చెడ్డదైతే ఇన్సులిన్‌తో గట్టిగా దించేస్తే మేలు కదా అని చాలామంది డాక్టర్లు నమ్మారు. అమెరికాలో 1151 మంది రోగుల మీద పరీక్షించి చూశారు. కొందరికి 80–130 మధ్య ఉంచారు, మిగతావాళ్ళకి 180 లోపు ఉంచారు. 2019లో ఫలితాలు వచ్చాయి. చక్కెర గట్టిగా దించినవాళ్ళు మిగతావాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ కోలుకోలేదు, పైగా వాళ్ళలో కొందరికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఇప్పుడు సాధారణంగా 140–180 మధ్య ఉంచుతున్నారు. తమ నమ్మకం తప్పని తేలాక వదులుకోవడమే ఈ వైద్యం పద్ధతి. దిసారి శాస్త్రంలో నేను వెతికి దొరకనిది అదే.

ఆస్ట్రేలియాలో 2011లో వెలువడిన ఒక పరీక్ష నాకు మన్యం కోసమే చేసినట్టు అనిపిస్తుంది. 19 ఆసుపత్రుల్లో పదింటిలో నర్సులకి మూడే పనులు నేర్పారు, మిగతావాటిలో మామూలు వైద్యమే సాగింది: జ్వరం చూడడం, చక్కెర చూడడం, మింగగలడో లేదో చూశాకే నోట్లో ఏదైనా పెట్టడం. మూడు నెలల తర్వాత చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి మామూలు వైద్యంలో 58 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 42 శాతం. కొత్త మందు ఒక్కటీ లేదు. మనవైపు మూతి వంకరపోయిన మనిషి నోట్లో పసరు, తేనె, చోడంబలి పోస్తారు. మింగలేని గొంతులోంచి అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. అడవి తేనెకి షుగర్ పెరగదన్న నమ్మకం సరేసరి. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) అమ్మే తేనె అయినా, సొంతంగా తెచ్చుకున్న పట్టు తేనె అయినా రక్తంలో చేరాక చక్కెరే.

షుగర్ పట్నం జబ్బని, చోళ్ళూ సామలూ తినే కొండమనిషికి రాదని ఒక మాట ఉంది. రెండు పూటలా రేషన్ డిపో బియ్యం తింటున్న ఇళ్ళని చూసి కూడా ఇంకా అదే మాట. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మన్యంలో సికిల్ సెల్ ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్ళలో ఎర్ర కణాలు త్వరగా చనిపోతాయి కాబట్టి, మూడు నెలల చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష తక్కువగా చూపించి మోసం చేయవచ్చు. ఆ జబ్బే పిల్లల్లో కూడా పక్షవాతం తెస్తుంది. చిన్నపిల్లకి చెయ్యి పడిపోతే చిల్లంగి కాక మరేమిటి అనేవాళ్ళకి రక్తపరీక్ష కాగితం చూపించాలి.

అరకు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి అనంతగిరి ఘాట్ మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. రోడ్డు లేని ఊరి నుంచి డోలీలో దిగడానికే అందులో సగం పోతే, ఆ నేరం దేవతదీ కాదు, దిసారిదీ కాదు, రోడ్డు వేయనివాళ్ళది. కానీ రోడ్డున్న ఊళ్ళో, 108 అంబులెన్స్ వచ్చే ఊళ్ళో కోడి కోయడానికి పోయిన గంటలు మాత్రం మన నమ్మకం ఖర్చు పెట్టినవే.

దిసారి మాటకి ఊళ్ళో విలువుంది. ఆశా కార్యకర్త మాటకి ఇంకా అంత లేదు. కాబట్టి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దిసారులనే కూర్చోబెట్టి, మూతి వంకర, చెయ్యి జారడం, మాట ముద్దవడం కనిపిస్తే ముందు బండెక్కించమని చెప్పించాలి. పూజ ఆ తర్వాత ఇంటి దగ్గర చేసుకుంటారు. ఆ బండి బయల్దేరేలోపు ఆశా చేతిలో గ్లూకోమీటరు, దానికి గడువు తీరని స్ట్రిప్పులు ఉండాలి. ఆ అంకెనీ, రోగి మామూలుగా ఉండగా చివరిసారి చూసిన టైమునీ ఒక చీటీ మీద రాసి రోగితో పంపాలి. స్ట్రిప్పులు అయిపోయాయని చెప్పే ప్రతి ఉపకేంద్రం గురించి గ్రామసభలో అడగాలి.