పాత కంప్యూటరు పెట్టెను మార్చుట

వస్తువు పాతబడినంతనే దానిని విడుచుట నాగరికత లక్షణమని పలువురు తలంచుచున్నారు. మా యభిప్రాయము వేరు. గడచిన వేసవిలో విద్యార్థులతో గూడి ఒక పాత కంప్యూటరు పెట్టెను మొదటిసారి మా చేతులతో మార్చి చూచితిమి. ఆ పనివలన మాకు గలిగిన తలంపులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కంప్యూటరు ప్రక్కన నిలిపియుంచు రేకుపెట్టెను మనవారు సి.పి.యు. అని పిలుతురు. నిజమునకు సి.పి.యు. యనునది ఆ పెట్టెలోపల మదర్‌బోర్డుపై నమర్చబడిన, అరచేతికంటె చిన్నదగు భాగము. పెట్టెను అంగడివారు క్యాబినెట్ అందురు. లోపలి భాగములను నిలిపియుంచుట, దుమ్మునుండి కాపాడుట, చల్లని గాలిని లోనికి రానిచ్చి వేడిగాలిని వెలుపలికి బంపుట దాని పనులు. ఈ కడపటి పనియే మా సంజామల ప్రాంతమున మిక్కిలి ముఖ్యము. ఇచ్చట వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము. నల్లరేగడి చేల దుమ్మును దక్కువ కాదు.

మా చేతికి వచ్చిన కంప్యూటరు మధ్యాహ్నమగుసరికి తనంతట తానే యాగిపోవుచుండెను. సి.పి.యు. మితిమించి వేడెక్కినపుడు కాలిపోకుండుటకై పని నిలుపుట దాని స్వభావము. పెట్టె ముందువైపున గాలి చొచ్చుటకు సన్నని సందులు మాత్రమే యుండెను. వెనుక 80 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి కలదు. పాతసామానువానికి తూకమునకిచ్చి వేయుడని కొందరు సలహా చెప్పిరి. విప్పి చూడగా లోపలి భాగములన్నియు బాగుగనే యుండెను. గాలి యాడకపోవుటయే లోపము. కావున ముందువైపు రేకును గుండ్రముగా గోసి 120 మిల్లీమీటర్ల ఫ్యానొకటి యమర్ప నిశ్చయించితిమి. వ్యాసము ఒకటిన్నర రెట్లైనచో వైశాల్యము రెండుంబావు రెట్లగునని తరగతిలో జెప్పిన లెక్క ఇచ్చట పనికివచ్చెను. పెద్ద ఫ్యాను మెల్లగా దిరిగియు నెక్కువ గాలిని దెచ్చును, చప్పుడును దక్కువ.

మొదటి పాఠమును తప్పువలననే నేర్చితిమి. రేకుపై వృత్తము గీచి, ఉత్సాహమాపుకొనలేక వెంటనే కోసితిమి. పిదప చూడగా ఆ రంధ్రమునకు సరిగా వెనుకనే హార్డ్‌డిస్కు నుంచు చట్రము అడ్డముగా నుండెను. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతములలో నాపరాయి కోయువారు ముందు కొలిచి, గీత గీచి, పిమ్మట రాయి కోయుదురు. ప్రతిదినము ఆ బండలమీద నడచుచుండియు ఆ వివేకము మాకు గలుగలేదు. రెండవసారి లోపలినుండి కొలిచి, క్రిందుగా వేరొక రంధ్రము గోసితిమి. మొదటిదానిపై రేకుముక్క బిగించితిమి. ఆ మచ్చ నేటికిని కలదు. దానిని రంగుతో గప్పవలదని మేమే నిర్ణయించుకొంటిమి.

ఫ్యాను బిగించిన పిమ్మటను ఫలము కనబడలేదు. అప్పుడొక విద్యార్థిని సన్నని కాగితపు పేలికను పెట్టెకు ముందును వెనుకను బట్టి చూచి, రెండు ఫ్యానులును గాలిని వెలుపలికే త్రోయుచున్నవని కనిపెట్టెను. ముందుదానిని త్రిప్పి బిగింపగా గాలి ముందునుండి వచ్చి వెనుకకు బోసాగెను. నాటినుండి మధ్యాహ్నవేళ యంత్రమాగుట మానెను. ఆ బాలిక ముఖమున గనబడిన సంతోషము ఏ పరీక్ష ఫలితమునందును మేము చూడలేదు.

ఈ పనికి బూనువారు కొన్ని నియమములు మరువరాదు. కోయుటకు మునుపే లోపలి భాగములన్నిటిని తీసివేయవలెను. ఇనుపరజను మదర్‌బోర్డుపై బడినచో విద్యుత్తు త్రోవతప్పి బోర్డు చెడును. కోసిన యంచులను ఆకురాతితో నునుపు చేయవలెను. కన్నులకు అద్దములు, ప్రక్కన పెద్దలు ఉండవలెను. విద్యుత్తు నందించు పవర్ సప్లయి పెట్టెను మాత్రము విద్యార్థులెన్నడును విప్పరాదు. తీగ నూడదీసిన పిమ్మటను అందులో ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచియుండును.

ఇట్టి పని క్రొత్తది కాదు. 1976లో ఆపిల్ సంస్థవారి మొదటి కంప్యూటరు పెట్టె లేకయే అమ్మబడెను. కొన్నవారిలో గొందరు దానికి కొయ్యపెట్టెలు చేసికొనిరి. 1995లో ఇంటెల్ సంస్థవారు ఎ.టి.ఎక్స్. అను కొలతల పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి ననుసరించిన పాత పెట్టెలో నేటి మదర్‌బోర్డు సైతము బిగింపవచ్చును. కావున లోపలి భాగములు చెడినను పెట్టె వ్యర్థము కాదు. ఇక నిజముగా బనికిరాని బోర్డులను చెత్తలో వేయుటయు, కాల్చుటయు దగదు. పాతవాటిలో సీసము మొదలగు విషపదార్థములుండును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారతప్రభుత్వ నిబంధనలు ఇట్టివాటిని శుద్ధిచేయుటకు నమోదైన సంస్థలను నిర్దేశించుచున్నవి, వారికే చేర్పవలెను.

పిల్లలు ముట్టినచో పాడగునను భయముచే కంప్యూటర్లపై గుడ్డ గప్పి, గదికి తాళము వేయు పాఠశాలలను మేమెరుగుదుము. ఆ భయము నిష్కారణమని మేమనము. సొమ్ము పదిమందిది, లెక్క చెప్పవలసినవారు ఒక్కరు. ఐనను పోవునను భయముచే తలాంతును భూమిలో దాచిన దాసుని ఉపమానము మన విద్యార్థులందరెరిగినదే. గదిలో దాచిన యంత్రమును కాలక్రమమున చెడును. దానితో బిల్లల కుతూహలమును జెడును.

పూర్వము మిషను పాఠశాలలు పెక్కింట చదువుతోబాటు వడ్రంగము, నేత మొదలగు చేతిపనులు నేర్పెడివారు. ఆ మర్యాద నేటి కాలమునకు దగినట్లు నిలుపుట మన విధి. మంచి యంత్రములను పాఠములకు జాగ్రత్తగా నుంచుకొందము గాక. ఏటికొక పాత పెట్టెనైనను విప్పి, కొలిచి, తప్పు చేసి, దిద్దుకొనుటకై విద్యార్థుల కప్పగింపవలెనని పెద్దలను ప్రార్థించుచున్నాము. తలిదండ్రులారా, మీ యింట మూలబడిన పెట్టె యున్నచో తూకమునకు వేయకమునుపు మీ బిడ్డ నొక్కమారడుగుడు. రేకుముక్క బిగించిన మా పెట్టె కంప్యూటరు గదిలోనే యున్నది; వచ్చి చూడవచ్చును.