లింకు కార్డు చెప్పేదంతా నిజమేనా?

ప్రభుత్వ వెబ్‌సైట్లన్నీ ఒకే తీరుగా కనిపించాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2025 ఫిబ్రవరిలో డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ విడుదల చేసింది. రంగులు, ఫాంట్లు, చిహ్నాలు, అన్నిటికీ నియమాలు పెట్టింది. మంచిదే. కానీ చాలామందికి ముందు కనపడేది వెబ్‌సైటు కాదు, వాట్సాప్‌లో లింకుతో పాటు వచ్చే చిన్న కార్డు: ఒక బొమ్మ, ఒక శీర్షిక, రెండు ముక్కల వివరణ.

ఆ కార్డులో ఏముండాలో నిర్ణయించేది పేజీ తయారుచేసినవారే. 2010లో ఫేస్‌బుక్ తెచ్చిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల్లో వాళ్లు ఏది రాస్తే వాట్సాప్ అదే చూపిస్తుంది, నిజమో కాదో అడగదు. పీఎం కిసాన్ పేరు, మూడు సింహాల చిహ్నం మోసగాడైనా పెట్టుకోగలడు. అసలు సైటు ఈ ట్యాగులను ఖాళీగా వదిలేస్తే మరీ విడ్డూరం. అసలుది బోసిగా, నకిలీది దర్జాగా కనిపిస్తుంది!

పైగా వాట్సాప్ ప్రివ్యూ తయారయ్యేది పంపినవారి ఫోన్‌లో. దరఖాస్తు గడువు తప్పుగా పడి, తర్వాత పేజీలో సరిదిద్దినా, అప్పటికే గ్రూపులకు వెళ్లిన కార్డు మారదు.

అందుకే ఆడిట్ లోగో కొలతల దగ్గర ఆగకూడదు. ముఖ్యమైన ప్రతి లింకునూ ఫోన్‌లో పంపి చూడాలి. తెలుగు పేజీకి ఇంగ్లిష్ శీర్షిక వస్తోందా? మారిపోయిన మంత్రి ఫొటో ఇంకా వస్తోందా?

బొమ్మను, పేరును కాపీ కొట్టవచ్చు. డాట్ గవ్ డాట్ ఇన్ చిరునామా మాత్రం ఎవరుపడితే వారికి ఇవ్వరు. డిజిటల్ మోసాలు పెరగడంతోనే, 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని బ్యాంకులను రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాట్సాప్ కార్డులో మాత్రం ఆ చిరునామా అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది.