పాఠాలకు సొంతిల్లేది?

మొన్న ఒక పాత శిష్యుడు ఉత్తరం వ్రాశాడు. ఇప్పుడు తనూ ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట. "మాస్టారూ, మీ కంపైలర్ల కోర్సు పుట ఏమైంది? అందులోని లెక్కలు మా పిల్లల చేత చేయిద్దామనుకున్నాను, లంకె పనిచేయడం లేదు" అన్నాడు.

వెళ్ళి చూశాను. నిజమే, లేదు. 2004లో మొదలుపెట్టి ఏటేటా దిద్దుకుంటూ వచ్చిన పుట అది. విశ్వవిద్యాలయం వారు (పేరెందుకు లెండి) సైటును కొత్తగా కట్టించుకున్నారు. గుమ్మంలోనే ఉపకులపతి గారి ఛాయాచిత్రం దేదీప్యమానంగా ఉంది. అధ్యాపకుల పుటలు మాత్రం గల్లంతు. అడిగితే "అవన్నీ ఎల్.ఎమ్.ఎస్.లో పెట్టుకోండి సార్" అన్నారు. అంటే, సంకేతపదం ఉన్నవాడికి తప్ప తెరుచుకోని తరగతి గదిలో అన్నమాట.

ఈ టపా ఆ జవాబు మీద నా అభ్యంతరం. కోర్సు పుట ఉండవలసిన చోటు విశ్వవిద్యాలయపు సొంత సర్వరే. అది అధ్యాపకుడి పేరిట, మారని చిరునామాతో, అందరికీ తెరిచిన తలుపులతో ఉండాలి. తక్కినవన్నీ విడిది ఇళ్ళే.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. 1990 దశకంలో ఎన్నో విశ్వవిద్యాలయాలలో నడిచిన పద్ధతే. యూనిక్సు యంత్రంలో ఖాతా ఉన్నవారికి పబ్లిక్ హెచ్.టి.ఎమ్.ఎల్. అనే పేరుతో ఒక అర ఉండేది. అందులో వేసిన ఫైలు లోకానికంతటికీ కనబడేది. చిరునామాలో పేరుకు ముందు ఒక టిల్డా గుర్తు, అంతే. కమిటీ అక్కర లేదు, టెండరు అక్కర లేదు. అమెరికాలో ఎక్కడో ఒక ఆచార్యుడు తన విద్యార్థుల కోసం పెట్టుకున్న పాఠాలను ఇక్కడ ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింతని చెల్లించి దించుకుని చదివినవారు మనలో ఎందరో ఉన్నారు. నేనూ ఆ బాపతే. ఆ ఆచార్యుడికి నేనెవరో తెలియదు. తెలియవలసిన పని లేకపోవడమే ఆ ఏర్పాటులోని గొప్పతనం.

ఎమ్.ఐ.టి. 2001లో తన పాఠ్యసామగ్రిని ఉచితంగా అందరి ముందూ పెడతానని ప్రకటించి, 2002లో మొదలుపెట్టింది. ఆ సంస్థ దివాలా తీయలేదు, ఎవరూ అక్కడ చేరడం మానుకోలేదు. మన ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎస్‌సి. కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. మొదలుపెట్టాయి. మంచిదే. కానీ అవి ఎంపిక చేసి, ముస్తాబు చేసి నిలబెట్టినవి. మామూలు అధ్యాపకుడు వారం వారం దిద్దుకునే పుటకు అవి బదులు కావు.

ఎల్.ఎమ్.ఎస్. పనికిరాదని నేననను. బ్లాక్‌బోర్డు (1997), మూడుల్ (2002) వంటివి తమ పని తాము చేస్తాయి. మార్కులు, హాజరు, విద్యార్థులు సమర్పించిన జవాబులు తాళం వెనకే ఉండాలి. అది వారి గోప్యతకు సంబంధించినది. పాఠ్యప్రణాళికకు, నోట్సుకు, అభ్యాసాలకు తాళమెందుకు? చాలా చోట్ల సెమిస్టరు ముగిశాక చదివిన విద్యార్థికే ఆ గది మూసుకుపోతుంది. వెతుకుడు యంత్రాలకు అది కనబడదు. పాత పుటలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవు కూడా ఆ తాళం దాటి లోపలికి పోలేదు.

"మరి ఉచిత సైట్లున్నాయిగా" అంటారు. ఉన్నాయి, పోతాయి కూడా. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. పాత గూగుల్ సైట్స్ కూడా వెళ్ళిపోయింది. అదే గూగుల్ విద్యాసంస్థలకిచ్చిన అపరిమిత నిల్వను 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల మూల కోటాకు కుదించింది. వారిది వ్యాపారం, తప్పు పట్టను. అయితే పాఠాలను అక్కడే వదిలేయడం గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే. 2013లో ఉన్న వెబ్ పుటల్లో 38 శాతం పదేళ్ళకు అందకుండా పోయాయని 2024లో ప్యూ పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. ఇన్ని నీతులు చెబుతున్న ఈ టపా ఉన్నదీ ఉచితపు పంచనే కదా అంటారా? అవును, అందుకే ఆ భయం నాకు బాగా తెలుసు.

ఇక అభ్యంతరాలు. ఖర్చంటారు. ఒక కోర్సు నోట్సంతా కలిపినా ఒక్క స్నాతకోత్సవపు వీడియో అంత చోటు పట్టదు. భద్రత అంటారు. ప్రోగ్రాములూ డేటాబేసులూ లేని ఉత్త పుటల్లో దొంగ దూరడానికి సందులు చాలా తక్కువ. మూడోది బరువైనది. వినలేనివారికీ చూడలేనివారికీ అందుబాటులో లేవని అమెరికా న్యాయశాఖ 2016లో తప్పు పడితే, బర్కిలీ విశ్వవిద్యాలయం 2017లో 20,000కు పైగా పాఠాల రికార్డింగులను బయటివారికి కనబడకుండా తీసేసింది. హక్కు అడిగినవారిది న్యాయం. దిద్దవలసినదాన్ని మూసేయడమే అన్యాయం. శుభ్రంగా వ్రాసిన పుటను చదివిపెట్టే సాఫ్ట్‌వేరు చక్కగా చదువుతుంది. అది చదవలేనిది స్కాను చేసిన కాగితాల బొమ్మలనీ, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు నోట్సునీ. యూనికోడు కోసం ఇంత పోరిన మనకు ఈ మాట వేరే చెప్పాలా?

ఇవేవీ పట్టించుకోకపోగా, పాఠాలు సంస్థ ఆస్తి కనుక బయట ఎక్కడా పెట్టరాదని మాకు సర్క్యులరు కూడా వచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు!

విశ్వవిద్యాలయాలను నేనడిగేది కొంచెమే. ప్రతి అధ్యాపకుడికీ ఒక అర ఇవ్వండి. సైటు మార్చినప్పుడు పాత చిరునామాను కొత్తదానికి మళ్ళించండి. ఆయన పదవీ విరమణ చేసినా పుటను చెరపకండి. తోటి అధ్యాపకులకూ ఒక మాట. మూలప్రతి మీ ఇంట్లో ఉంచుకోండి, రెండో నకలు గిట్‌హబ్ పేజెస్ వంటి చోట పెట్టండి. నేను చేయని పని అదే.

నా దగ్గర మిగిలిన నకలు 2011 నాటిది. ఆ పుట అడుగున, నా తప్పులు పట్టుకున్న విద్యార్థుల పేర్ల పట్టీ ఒకటుండేది. 2011 తరువాతి సవరణలూ పోయాయి, ఆ పేర్లూ పోయాయి. నాకు ఉత్తరం వ్రాసిన శిష్యుడి పేరు ఆ పోయినవాటిలో ఉంది. నాయనా, పాత నకలు పంపిస్తున్నాను. ఏడో లెక్కలో నువ్వు పట్టిన తప్పు మళ్ళీ అలాగే ఉంది. ఈసారి దిద్ది, నీ దగ్గర కూడా ఒక ప్రతి ఉంచుకో.