తాపీమేస్త్రి ఈగకు ఒక గది

చలి కాస్త తగ్గగానే ఇక్కడ ఇంగ్లండులో గార్డెన్ సెంటర్ల నిండా ‘బీ హోటళ్ళు’ వేలాడుతుంటాయి. బొమ్మరిళ్ళలా ముద్దుగానే ఉంటాయి గానీ, కొనేముందు ఒక గొట్టంలో పుల్ల పెట్టి లోతు చూడండి. చాలావాటిలో వేలెడు లోతు కూడా ఉండదు. మధ్యలో కుక్కిన పైన్ కాయలు మన కళ్ళకే తప్ప ఈగలకు కాదు.

ఈ గూడు తేనె ఇచ్చే ఈగలకు కాదండీ. వీటికి రాణి లేదు, పట్టు లేదు. పేరు రెడ్ మేసన్ బీ. మేసన్ అంటే తాపీమేస్త్రే కదా, ఈ మేస్త్రి మాత్రం ఆడది. గొట్టంలో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, తడిమట్టితో అడ్డుగోడ కడుతుంది. మళ్ళీ ముద్ద, గుడ్డు, గోడ. మగవాడి సాయం ఏమీ లేదు, అంతా ఒంటి చేత్తోనే. లోపలి గదులు ఆడపిల్లలకు, గుమ్మం దగ్గరవి మగపిల్లలకు. అందుకే గొట్టం పొట్టిదైతే ఆడపిల్లలకు చోటు మిగలదు. మగవే ఎక్కువగా పుడితే మరుసటి ఏడు గూడు కట్టేదెవరు?

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. మందపాటి కాగితాన్ని పెన్సిలు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి అంటించండి. పొడవు 15 సెంటీమీటర్లు ఉండాలి, వెనక వైపు మూసెయ్యాలి. కొన్నిటిని కాస్త లావుగా చుట్టండి. రంధ్రం 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా ఏదైనా పనికొస్తుంది. వాన లోపలికి కొట్టకుండా చూరు ముందుకొచ్చిన చెక్కపెట్టెలో వాటిని బిగువుగా పేర్చి, దక్షిణం ఎండ పడే గోడకు, నేలకు కనీసం మీటరు ఎత్తున మేకులతో బిగించండి. గాలికి ఊగకూడదు. మార్చి మొదటికల్లా పెట్టేస్తే మంచిది.

పిల్లలున్న ఇల్లని భయం వద్దు. మగవాటికి ముల్లే ఉండదు, ఆడవి చేత్తో నలిపితే తప్ప కుట్టవు.

పెట్టి వదిలేస్తే మాత్రం అసలు పెట్టకపోవడమే నయం. పాత గొట్టాల్లో పుప్పొడి తినేసే నల్లులు, బూజు ఏటికేడు పెరిగిపోయి పిల్లల్ని చంపేస్తాయి. కాగితం గొట్టాలే ఎందుకన్నానంటే, వెదురు అయితే విప్పడం కష్టం. అక్టోబరులో మెల్లగా విప్పి, గోధుమరంగు పట్టుగూళ్ళను ఏరి, గాలి ఆడే చిన్న డబ్బాలో వేసి చల్లటి షెడ్డులో ఉంచండి. ఇంట్లో హీటర్ దగ్గర పెడితే పూలు రాకముందే లేచి వచ్చేస్తాయి. వసంతంలో కొత్త గొట్టాలు పేర్చి, డబ్బా వాటి పక్కనే తెరిచి పెట్టండి.

ఇక అందరూ అడిగే సొరకాయ సంగతి. మేస్త్రమ్మ పని జూన్‌తో సరి. సొరపువ్వు విచ్చేది ఆ తర్వాత, అదీ సాయంత్రం పూట. దానికి మాత్రం మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దే పని మనదే. యాపిల్, ప్లమ్ చెట్లుంటే తేడా మీకే కనిపిస్తుంది.

జులైలో గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా కత్తిరించినట్టు కనిపిస్తే మందు కొట్టకండి. ఆకులు పరుచుకుని గది కట్టుకునే ఇంకో ఈగ మీ పెట్టెలోకి అద్దెకు దిగిందన్నమాట.