పూర్వవిద్యార్థుల ఋణము

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1926వ సంవత్సరమున వెలసినది. దాని బాల్యదశలో జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయ లొసగిరి. ఆ ధనము సైన్సు కళాశాలయై నిలిచినది.

నేటి దాతల ధన మేమగుచున్నది? పూర్వవిద్యార్థుల సమ్మేళనమని యొకటి జరుపుదురు. శాలువలు, పూలదండలు, విందు, ఛాయాచిత్రములు. పిదప ముఖద్వారమున నొక చలువరాతి ఫలకము! ఆ ద్వారముననే మెస్సు బాకీ తీర్పలేని పిల్లవాడు తలవంచుకొని పోవుచుండును. ఫలక మాతని యాకలి తీర్చునా?

"విద్యార్థిపోషణము ప్రభుత్వధర్మము, మాకేల?" అని కొంద రందురు. ధర్మమే, కాదనను. కాని కూలివాడు సబ్బునకును చెప్పులకును చెల్లించిన పన్నుతో చదివి, విదేశములకేగి ధనవంతులైనవారు తామిచ్చుదానిని దానమని చెప్పుకొనుట యేపాటి న్యాయము? అది ఋణము.

తీర్చుట కష్టముగాదు. పదిమంది సహాధ్యాయులు తలకు 50,000 వేసికొన్నచో 5 లక్షల నిధి యగును. అసలు ముట్టక, నూటికి 6 వంతున వచ్చు వడ్డీని మాత్రమే వెచ్చించినను ఏటికి 30,000 రూపాయలు! (ఆదాయపు పన్నులో మినహాయింపు దొరకునేమో యని విచారించుట మనవారికి నేర్పనక్కఱలేదు.) ధరలు పెరుగును గనుక అప్పుడప్పుడు అసలునకు మఱికొంత చేర్చవలెను. ఆ వడ్డీ పేదపిల్లల భోజనమునకును పరీక్షరుసుమునకును మాత్రమే చెందవలెనని పత్రమున స్పష్టముగ వ్రాయుడు. ఏటేట లెక్క లడుగుడు. ఫలకమునకు మాత్రము కాసైన కేటాయింపకుడు.