వలస కుటుంబాలకు క్షయ గురించి ఏం చెప్పాలి?

అమెరికాలో ఏటా నమోదయ్యే క్షయ కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు వేరే దేశాల్లో పుట్టినవారివే. మెక్సికో, ఫిలిప్పీన్స్, భారత్, వియత్నాం, చైనా నుంచి వెళ్లినవారు వీరిలో ఎక్కువ. చాలామంది అక్కడ అడుగుపెట్టిన నాటికి రోగులు కారు. ఎప్పుడో గాలి ద్వారా ఊపిరితిత్తుల్లో చేరిన క్రిములు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, మధుమేహం వల్లనో వయసు మీదపడటం వల్లనో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తాయి. ఆ దేశపు కేసుల్లో 80 శాతానికి పైగా ఇలా పుట్టుకొచ్చినవేనని అంచనా.

అందుకే అక్కడి ఆరోగ్య సిబ్బందికి మందు ఇవ్వడం కన్నా మందు ఎందుకో చెప్పడమే కష్టమైన పని. వలస వీసాకు వైద్యపరీక్ష తప్పనిసరి. చదువు, ఉద్యోగ వీసాలకు సాధారణంగా అది ఉండదు. తెలుగువారిలో అనేకులు వెళ్లేది ఈ రెండో దారిలోనే. కొన్నేళ్లకు గ్రీన్‌కార్డు దరఖాస్తు కోసం రక్తపరీక్ష చేయించుకుంటే పాజిటివ్ అని వస్తుంది. దగ్గు లేదు, జ్వరం లేదు. 'చిన్నప్పుడు వేయించిన బీసీజీ టీకా వల్ల అలా వచ్చిందిలే' అని పక్కన పెట్టేస్తారు. చర్మంపై చేసే పరీక్ష విషయంలో ఈ మాటలో కొంత నిజముంది. ఇప్పుడు వాడే ఇగ్రా రక్తపరీక్షపై మాత్రం బీసీజీ ప్రభావం ఉండదు. ఈ ఒక్క సంగతి మొదటి రోజే అర్థమయ్యేలా చెబితే సగం అనుమానాలు తీరతాయి.

ఆ వెంటనే చెప్పాల్సింది నిద్రాణ క్షయకూ క్షయ జబ్బుకూ ఉన్న తేడా. నిద్రాణ దశ ఇతరులకు అంటదు, గ్రీన్‌కార్డుకు అడ్డం కాదు. చికిత్స లేకుంటే ఇలాంటివారిలో 5 నుంచి 10 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడైనా జబ్బు రావచ్చు. నివారణకు 9 నెలలు మాత్రలు మింగాల్సిన రోజులు పోయాయి. వారానికోసారి చొప్పున 12 మోతాదుల పద్ధతి ఉంది, 4 నెలల రిఫాంపిసిన్ ఉంది. ఈ మందుతో మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పకపోతే రోగి బెదిరి మానేస్తాడు. గర్భనిరోధక మాత్రల పనితనాన్నీ ఇది తగ్గిస్తుంది. మామగారినో మరిదినో దుభాషిగా కూర్చోబెడితే కొత్త కోడలికి ఆ మాట చేరదు. శిక్షణ పొందిన దుభాషి అవసరం ఇక్కడే తెలుస్తుంది. పిల్లలతో అనువాదం చేయించడం అంతకన్నా తప్పు.

జబ్బు బయటపడినవారికి సాధారణంగా 6 నెలల చికిత్స. నర్సు ఎదురుగానో వీడియోలోనో చూస్తుండగా మందు మింగించే పద్ధతి అక్కడ మామూలు. కారణం చెప్పకపోతే రోగికి అది నిఘాలా తోస్తుంది. ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేయాలంటే ఎవరెవరితో తిరిగారో అడగాల్సి వస్తుంది. వలస అధికారులకు తెలుస్తుందేమోనన్న భయం, పెళ్లి సంబంధాలు చెడతాయన్న దిగులు నోరు కట్టేస్తాయి. ఆ భయాన్ని తీసిపారేయకుండా వినాలి. కంచాలు, గ్లాసులు వేరు చేయడం దండగనీ, క్షయ గాలి ద్వారానే సోకుతుందనీ, సరైన మందులు మొదలయ్యాక కొద్ది వారాల్లోనే అంటుకునే గుణం చాలావరకు పోతుందనీ రోగితోపాటు వంట చేసే అమ్మకూ, పక్కన పడుకునే భార్యకూ వాళ్ల భాషలోనే చెప్పాలి. నడుమ స్వదేశానికి వెళ్లాల్సి వస్తే ముందే చెబితే మందుల ఏర్పాటు చేస్తామన్న భరోసా కూడా ఆ మాటల్లో ఉండాలి.